జెనెటిక్ అల్గారిథమ్‌తో కెప్లర్ నియమం: జవాబులో ఎంత భాగాన్ని మనమే ముందుగా లోపల పెట్టాం?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. బుధుడి నుంచి శని దాకా ఆరు గ్రహాలకు సూర్యుడి నుంచి సగటు దూరమూ, ఒక ప్రదక్షిణకు పట్టే కాలమూ ఇచ్చి, పైథాన్‌లో సొంతంగా రాసుకున్న జెనెటిక్ అల్గారిథమ్ (సూత్రాల గుంపును పుట్టించి, మెరుగైనవాటిని ఎంచి, కలిపి, మార్చి తరతరాలుగా పెంచే పద్ధతి) చేత కెప్లర్ మూడో నియమాన్ని (కాలం వర్గం దూరం ఘనానికి అనులోమంగా ఉంటుందన్నదాన్ని) తిరిగి కనిపెట్టించాలని ప్రయత్నించారు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, కొన్ని యాదృచ్ఛిక స్థిరాంకాలు ఇచ్చారు. 1000 జనాభాతో 300 తరాలు నడిపారు. చివరికి 47 నోడ్ల చెట్టు ఒకటి మిగిలింది (చెట్టు అంటే కొమ్మలుగా విడదీసి రాసిన సూత్రం, అందులోని ఒక్కో ప్రక్రియా, ఒక్కో రాశీ ఒక నోడ్). దాని దోషం చాలా తక్కువే గాని, అందులో కెప్లర్ జాడ మాత్రం లేదు. జనాభాను పదింతలు చేస్తే ఫలితం ఉంటుందా అన్నది మీ ప్రశ్న.

ఉండదు. కోటి జనాభా పెట్టినా ఉండదు. భూమి దూరాన్ని 1గా, భూమి సంవత్సరాన్ని 1గా తీసుకుంటే ఆ నియమం కాలం = దూరం × √దూరం అన్న రూపానికి వస్తుంది. చతుర్విధ ప్రక్రియలతో మీరు ఎన్ని చెట్లు కట్టినా వచ్చేది ఒక బహుపదిని మరో బహుపదితో భాగించిన రూపమే. వర్గమూలం అందులో ఎన్నటికీ పుట్టదు. అంటే మీరు వెతుకుతున్న వస్తువు మీరు వెతుకుతున్న గదిలోనే లేదు. మీ ప్రోగ్రామ్‌ను తప్పు పట్టడానికి లేదు, దానికి అందిన పనిముట్లతో ఆరు బిందువుల గుండా పోయే వంకర గీతను గీసి చూపించింది. 47 నోడ్లలో అన్ని స్థిరాంకాలు ఉన్నప్పుడు ఆరు బిందువులకు సరిపెట్టడం పెద్ద విశేషం కాదు.

ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి, రెండింటికీ మూల్యం చెల్లించాలి. మొదటిది, ప్రమేయాల జాబితాలో వర్గమూలాన్ని చేర్చడం. రెండోది, కాలానికి బదులు కాలం వర్గాన్ని లక్ష్యంగా పెట్టడం. అప్పుడు దూరం × దూరం × దూరం అనే 5 నోడ్ల చెట్టు చాలు. అయితే కాలాన్ని వర్గం చేసి ఇవ్వాలని మీకెలా తోచింది? నియమం మీకు ముందే తెలుసు కాబట్టి. కెప్లర్ 1618లో ఆ సంబంధాన్ని పట్టుకునే ముందు ఆయనకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. తెలిసిన సూత్రాన్ని తిరిగి కనుక్కునే ఈ ఆటలో ప్రతి మలుపులోనూ ఇదే బేరం ఎదురవుతుంది: ప్రమేయాల జాబితాలో, చరరాశుల ఎంపికలో, లక్ష్యం రూపంలో మనం జవాబును కొంచెం కొంచెంగా లోపలికి జారవిడుస్తూ ఉంటాం. అలా చేయడం తప్పు కాదు. ఎంత జారవిడిచామో లెక్క రాసుకోకపోవడమే తప్పు.

ఆ లెక్క ఎలా వేయాలో మీ సమస్య మీదే చూపిస్తాను. ప్రక్రియలు నాలుగు, వర్గమూలం ఒకటి, ఆకుల్లో, అంటే కొమ్మల చివరి నోడ్లలో, పెట్టడానికి దూరం, 1 అనే రెండు వస్తువులు ఉన్నాయనుకుందాం. 1 నోడ్ చెట్లు 2. 2 నోడ్లవి 2. 3 నోడ్లవి 18. 4 నోడ్లవి 50. దూరం × √దూరం అనేది 4 నోడ్ల చెట్టు. అంటే 4 నోడ్ల లోపు ఉన్న చెట్లన్నీ కలిపి 72 మాత్రమే. అందులో ఒకటి, ఎడమ కుడులు మార్చి రాసినదాన్ని కూడా కలిపితే రెండు, కెప్లర్ నియమం. ఈ పనికి పరిణామ సిద్ధాంతం ఎందుకు, రెండు ఫర్ లూప్‌లు చాలు. 7 నోడ్ల దాకా వెళ్లినా మొత్తం 11,070 చెట్లు, 9 నోడ్ల దాకా వెళ్తే 3,32,626. మీరు 1000 జనాభాతో 300 తరాలు నడిపారంటే సుమారు 3 లక్షల చెట్లకు మార్కులు వేశారన్నమాట. అదే ఖర్చుతో దాదాపు 9 నోడ్ల దాకా ఉన్న ప్రతి చెట్టునూ, ఒక్కటి కూడా వదలకుండా, వరుసగా పరీక్షించి ఉండవచ్చు.

నేను ఈ సరదాలోకి దిగిన కొత్తలో, నా ప్రోగ్రామ్ మొదటిసారి కెప్లర్ నియమాన్ని అచ్చు వేసిన రాత్రి చాలా సంబరపడ్డాను. కొన్ని రోజుల తరువాత ఎందుకో అనుమానం వచ్చి క్రాసోవర్ (రెండు చెట్లు కొమ్మలు మార్చుకోవడం), మ్యుటేషన్ (ఒక చెట్టులో ఏదో ఒక భాగాన్ని యాదృచ్ఛికంగా మార్చడం), ఎంపిక మూడింటినీ తీసేసి, అదే సైజులో చెట్లను ఊరికే యాదృచ్ఛికంగా పుట్టిస్తూ పోయాను. నియమం ఇంకా ముందే దొరికింది. అప్పటి నుంచి ఏ కొత్త సమస్య తీసుకున్నా మొదట యాదృచ్ఛిక శోధనను నడిపి, దానికెంత సమయం పట్టిందో రాసుకున్న తరువాతే జెనెటిక్ భాగాన్ని ఆన్ చేస్తున్నాను. మీరు కూడా ఈ అలవాటు చేసుకుంటే మీ జెనెటిక్ కోడ్ నిజంగా ఏదైనా పని చేస్తోందా అన్నది తెలుస్తుంది. చాలాసార్లు ఆ తెలిసేది నొప్పిగానే ఉంటుంది.

పేరు గురించి ఒక చిన్న మాట. జాన్ హాలండ్ 1975 నాటి పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన జెనెటిక్ అల్గారిథమ్‌లో ఒక్కో జీవి నిర్ణీత పొడవున్న బిట్ల వరుస. మీరు రాసినట్టు చెట్టు ఆకారంలో ఉన్న సమాసాలను పెంచే పద్ధతిని జెనెటిక్ ప్రోగ్రామింగ్ అంటారు. జాన్ కోజా 1992లో వెలువరించిన పుస్తకం దానికి స్థిరమైన రూపం ఇచ్చింది. సమాచారం నుంచి సూత్రాన్ని రాబట్టే పనికి సింబాలిక్ రిగ్రెషన్ అని పేరు. మీరు ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఈ మూడో పేరుతో వెతకండి, పనికొచ్చే విషయం ఎక్కువ దొరుకుతుంది.

ఇక ఫిట్‌నెస్, అంటే ఏ చెట్టు ఎంత మంచిదో తేల్చే మార్కు, దగ్గరికి వద్దాం. మీరు దోషాల వర్గాల మొత్తాన్ని వాడుతున్నారు. శని కాలం 29.45 సంవత్సరాలు, బుధుడిది 0.241. రెండింటిలోనూ సరిగ్గా పది శాతం తప్పు జరిగిందనుకోండి. వర్గం చేశాక శని తప్పు బుధుడి తప్పుకు సుమారు 15,000 రెట్లు ఉంటుంది. అంటే మీ ప్రోగ్రామ్ దృష్టిలో ఆరు గ్రహాలు లేవు. శని ఉంది, కొంచెం గురుడు ఉన్నాడు, మిగతావన్నీ గాలిలో దుమ్ము. బుధ, శుక్ర, భూమి, కుజులు చెప్పే సాక్ష్యం విచారణకే రాకుండా పోతోంది. ప్రతి దోషాన్నీ ఆ గ్రహపు అసలు కాలంతో భాగించి (ఇదే సాపేక్ష దోషం) ఆ తరువాత వర్గం చేయండి. ఈ ఒక్క మార్పు జనాభాను పదింతలు చేయడం కంటే ఎక్కువ మేలు చేస్తుందని ఖాయంగా చెప్పగలను.

స్థిరాంకాల సంగతి ఇంతకంటే లోతైనది, అందుకే దాని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. క్రాసోవర్, మ్యుటేషన్ అనేవి ఆకారాలను కలిపి విడదీయడంలో దిట్టలు, సంఖ్యలను సవరించడంలో మొద్దులు. దీని పర్యవసానం ఏమిటో పైనుంచి వదిలిన రాయి మీద చూద్దాం. 1, 2, 3, 4 సెకన్లలో అది పడిన దూరాలు 4.9, 19.6, 44.1, 78.4 మీటర్లు. సరైన ఆకారం కాలం × కాలం. అది 1, 4, 9, 16 ఇస్తుంది. దోషాల వర్గాల మొత్తం సుమారు 5384. ఇదే సమయంలో జనాభాలో మరో మూల 24.5 × కాలం − 24.5 అనే సరళరేఖ పుట్టిందనుకోండి. దాని విలువలు 0, 24.5, 49, 73.5, ప్రతిచోటా తప్పు 4.9, వర్గాల మొత్తం సుమారు 96. ఆకారం పూర్తిగా తప్పయిన సరళరేఖ, ఆకారం పూర్తిగా సరైన చెట్టు కంటే 56 రెట్లు మెరుగ్గా కనబడుతోంది. కొన్ని చెట్లను పోల్చి మెరుగైనదాన్ని తరువాతి తరానికి పంపే టోర్నమెంట్‌లో ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా? సరైన జీవి పుట్టిన తరంలోనే చచ్చిపోతుంది, దాని శవాన్ని కూడా మీరు చూడరు.

దీనికి మందు చాలా తేలిక. మార్టెన్ కైజర్ 2003లో చూపిన లీనియర్ స్కేలింగ్ పద్ధతిలో, చెట్టు ఇచ్చిన విలువలను నేరుగా లక్ష్యంతో పోల్చకుండా, ముందు వాటికి ఒక గుణకాన్నీ ఒక కూడికనూ సరిపెట్టి ఆ తరువాత పోలుస్తారు. గుణకం అంటే లక్ష్యానికీ చెట్టు విలువలకూ మధ్య ఉన్న కోవేరియన్స్‌ను (రెండూ కలిసి ఎంత మారుతున్నాయో చెప్పే కొలతను) చెట్టు విలువల వేరియన్స్‌తో (అవి సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతతో) భాగించగా వచ్చినది. కూడిక అంటే లక్ష్యపు సగటు నుంచి గుణకం రెట్ల చెట్టు సగటును తీసివేయగా మిగిలినది. నాలుగు వరుసల కోడ్. వేరియన్స్ సున్నా అయితే ఆ చెట్టును పక్కన పెట్టడం మాత్రం మరచిపోవద్దు. ఇది పెట్టగానే కాలం × కాలం చెట్టుకు 4.9 అనే గుణకం దానంతటదే దొరికి దోషం సున్నా అవుతుంది. పరిణామానికి ఆకారం వెతకడం ఒక్కటే పనిగా మిగులుతుంది, అది దానికి చేతనైన పని. సాపేక్ష దోషం వాడుతున్నప్పుడు గుణకాన్ని లెక్కగట్టే చోట కూడా అవే బరువులు వేయాలి, లేకపోతే శని మళ్లీ దొడ్డిదారిన లోపలికి వస్తుంది.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. దూరానికీ కాలానికీ రెండింటికీ సంవర్గమానాలు తీసి, దానిమీద లీనియర్ స్కేలింగ్ కూడా పెట్టారనుకోండి. ఒకే ఒక్క నోడ్ ఉన్న చెట్టు, అంటే దూరపు సంవర్గమానం తప్ప మరేమీ లేని చెట్టు, మొదటి తరంలోనే గెలిచి కూర్చుంటుంది. గుణకం దాదాపు 1.5, కూడిక దాదాపు 0. తెర మీద కెప్లర్ నియమమే వస్తుంది. కానీ దాన్ని కనుక్కున్నది సరళరేఖను సరిపెట్టే ఆ నాలుగు వరుసల కోడ్, మీ జెనెటిక్ యంత్రాంగం కుర్చీలోంచి లేవనే లేదు. ఇలాంటి ఫలితాన్ని చూపించి పరిణామం చేసిన అద్భుతం అని రాసిన కథనాలు కనబడుతుంటాయి, జాగ్రత్తగా చదవండి.

భాగహారంలో ఛేదం సున్నా అయితే 1 తిరిగి ఇచ్చే ఏర్పాటు మీ కోడ్‌లో ఉందని చెప్పారు. అది కోజా నాటి నుంచి వస్తున్న ఆచారం, ప్రోగ్రామ్ కూలిపోకుండా కాపాడుతుంది. అయితే మీ సమాచారంలో భూమి దూరం సరిగ్గా 1, కాలం కూడా సరిగ్గా 1 అన్నది గమనించారా? ఏదో ఒక సమాసాన్ని (దూరం − 1)తో భాగించే చెట్టు భూమి దగ్గర సున్నాతో భాగహారానికి వెళ్లి, మీరు రాసిన రక్షణ నియమం పుణ్యమా అని 1 పట్టుకొచ్చి, భూమికి పూర్తి మార్కులు కొట్టేస్తుంది. దూరం 1.001 దగ్గర అదే చెట్టు ఆకాశాన్నంటుతుంది గాని అక్కడ మీకు బిందువు లేదు కాబట్టి ఎవరూ పట్టుకోరు. నా ప్రోగ్రామ్‌లో ఇలాంటి దొంగ ఒకడు రెండు రోజులు రాజ్యమేలాడు. సున్నాతో భాగహారం జరిగినా, రుణసంఖ్యకు వర్గమూలం తీయబోయినా ఆ చెట్టుకు అనంతమైన దోషం వేసి పంపించేయండి. రక్షణ పేరుతో అబద్ధపు విలువను ఇవ్వడం కంటే అది మేలు.

చెట్లు ఉబ్బిపోవడం గురించి మీరు ప్రత్యేకంగా అడగలేదు, కానీ 47 నోడ్లు అన్న సంఖ్యే ఆ సంగతి చెబుతోంది. సున్నాతో గుణించిన కొమ్మలు, తమలోంచి తామే తీసివేసుకునే కొమ్మలు పెరిగేకొద్దీ క్రాసోవర్ దెబ్బ పనికిమాలిన చోట పడి అసలు భాగం బతికిపోతుంది. అందువల్ల లావు చెట్లకు ఒక రక్షణ దొరికి తరతరానికీ ఇంకా లావెక్కుతాయి. కోజా 17 అంతస్తుల లోతు పరిమితి వాడారు. సూత్రాలు వెతికే పనికి అది మరీ ఉదారం. కొందరు ఒక్కో నోడ్‌కు ఇంత జరిమానా అని దోషానికి కలుపుతారు, కానీ ఆ జరిమానా ఎంత ఉండాలన్నది ఒక్కో సమస్యకు ఒక్కోలా ఉంటుంది. నేను చేసే పని వేరు: ఒక్కో సైజుకు ఇప్పటిదాకా దొరికిన అత్యుత్తమ చెట్టును విడిగా దాచుకునే పట్టిక ఒకటి పెట్టుకుంటాను. 1 నోడ్‌లో ఉత్తమం ఏది, 3లో ఏది, 4లో ఏది, అలా 20 దాకా. చివర్లో ఆ పట్టికను చదువుతాను.

ఆ పట్టికను చదవడమే ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. కెప్లర్ సమస్యలో 1 నోడ్, 2 నోడ్లు, 3 నోడ్ల దగ్గర దోషం ఒక మోస్తరుగా ఉంటుంది. 4 నోడ్ల దగ్గర కొండ అంచు నుంచి జారినట్టు ఒక్కసారిగా పడిపోతుంది. గురుడి దూరం 5.203 పెడితే 11.868 వస్తుంది, అసలు విలువ 11.862, కుజుడికి 1.524 పెడితే 1.881 వస్తుంది, అసలు కూడా అదే. ఆ తరువాత 7, 11, 15 నోడ్ల దగ్గర దోషం ఇంకొంచెం తగ్గుతూనే ఉంటుంది గాని, అది నియమం మెరుగుపడటం వల్ల కాదు. మూడో దశాంశం దగ్గర మనం సంఖ్యలను కత్తిరించిన తీరునూ, గ్రహాలు ఒకదాన్నొకటి లాగడం వల్ల వచ్చే చిన్న తేడాలనూ చెట్టు బట్టీ పడుతోంది. కొండ అంచు ఎక్కడుందో చూసి అక్కడ ఆగాలి. అంచే లేకుండా దోషం నున్నగా దిగుతూ పోతే, మీ ప్రమేయాల జాబితాలో ఏదో లోపించిందని అర్థం. మీ 47 నోడ్ల చెట్టు సరిగ్గా అలాంటి వాలు మీద దొరికినదే.

అంచు కనబడినంత మాత్రాన నమ్మేయమని కూడా నేను చెప్పను. గ్రహాల దూరాల గురించే టిషియస్–బోడే నియమం అని ఒకటుంది: 0.4 + 0.3 × 2 ఘాతం వరుస సంఖ్య. 1781లో యురేనస్ దొరికినప్పుడు నియమం చెప్పినది 19.6, ఉన్నది 19.2. 1801లో సెరీస్ దొరికినప్పుడు చెప్పినది 2.8, ఉన్నది 2.77. ఇంకేం కావాలి అనిపిస్తుంది. 1846లో నెప్ట్యూన్ దొరికింది; నియమం 38.8 అంటోంది, గ్రహం 30.07 దగ్గర తిరుగుతోంది. వెనక్కి తిరిగి చూస్తే సంకేతాలు మొదటి నుంచీ ఉన్నాయి: కొద్దిపాటి గ్రహాలకు సరిపెట్టడానికి 0.4, 0.3, 2 అనే మూడు స్థిరాంకాలు కావలసివచ్చాయి, పైగా బుధుడి కోసం రెండో పదాన్ని సున్నా చేసే ప్రత్యేక ఏర్పాటు కూడా. కెప్లర్ నియమంలో మన ప్రమాణాల్లో ఒక్క స్థిరాంకం కూడా లేదు. దొరికిన సూత్రంలోని స్వేచ్ఛా స్థిరాంకాలను లెక్కబెట్టి బిందువుల సంఖ్య పక్కన రాసుకోవడం ఒక నిమిషం పని.

మీకు అనుకూలమైన సంగతి ఏమిటంటే, కెప్లర్‌కు తెలియని రెండు గ్రహాలు మన చేతిలో ఉన్నాయి. యురేనస్, నెప్ట్యూన్‌లను శిక్షణలోకి రానివ్వకుండా దాచిపెట్టండి. అవి శని అవతల ఉన్నాయి కాబట్టి ఉన్న బిందువుల మధ్య గీత సరిపెట్టే విద్య అక్కడ పారదు. బిందువుల నడుమ ఉన్నవాటిని దాచి పరీక్షించడం కంటే, పరిధికి బయట ఉన్నవాటిని దాచి పరీక్షించడం సూత్రానికి చాలా కఠినమైన పరీక్ష.

ఈ తేడా ఎంత స్పష్టంగా కనబడుతుందో చూడాలంటే ఇంకో ప్రయోగం చేయండి. 0 నుంచి 180 డిగ్రీల వరకు సైన్ విలువలు ఇచ్చి, చతుర్విధ ప్రక్రియలు మాత్రమే ఇవ్వండి. సైన్ ఆ పనిముట్లతో దొరకదని మనకు ముందే తెలుసు; దొరికేది ఉజ్జాయింపు. ఆ ఉజ్జాయింపుకు కొలబద్దగా ఏడో శతాబ్దపు మొదటి భాస్కరుడి సూత్రం ఉంది. కోణాన్ని (180 − కోణం)తో గుణించి వచ్చినదాన్ని లబ్ధం అనుకుంటే, సైన్ విలువ 4 × లబ్ధం ÷ (40500 − లబ్ధం). 30 డిగ్రీలకు లబ్ధం 4500, సూత్రం 18000 ÷ 36000, అంటే సరిగ్గా 0.5. 90కి సరిగ్గా 1. 10 డిగ్రీలకు 0.1753 ఇస్తుంది, అసలు 0.1736. ఈ పరిధిలో దీని తప్పు ఎక్కడా 0.002 దాటదు. మీ ప్రోగ్రామ్ ఇంతే సైజులో ఇంతకంటే మంచిది కనుక్కుంటే అది నిజంగా చెప్పుకోదగ్గ పని. కోణాన్ని నేరుగా ఇచ్చి ఒకసారి, లబ్ధాన్ని చరరాశిగా ఇచ్చి ఒకసారి నడిపి చూడండి. 90కి అటూ ఇటూ సైన్ సమంగా ఉంటుందన్న జ్ఞానాన్ని లబ్ధం రూపంలో మీరే ముందుగా అందించినందున రెండోసారి పని ఎంతో సులువవుతుంది. ఇక 270 డిగ్రీల దగ్గర ఇదే సూత్రం −1.5 ఇస్తుంది, సైన్ −1. ఎంత అందమైన ఉజ్జాయింపు అయినా దాని పరిధి దాటిస్తే బయటపడుతుంది. ఆ పరిధి కోసమే అది పుట్టింది కాబట్టి దానికి అవమానమేమీ లేదు.

కెప్లర్ తరువాత ఏం చేయాలన్నది కూడా అడిగారు. త్రిభుజ వైశాల్యానికి హెరాన్ సూత్రాన్ని తీసుకోండి, జెనెటిక్ పద్ధతికి నిజమైన పరీక్ష అక్కడ మొదలవుతుంది. మూడు భుజాలతో పాటు చుట్టుకొలతలో సగాన్ని కూడా ఇచ్చి, వైశాల్య వర్గాన్ని లక్ష్యంగా పెడితే 13 నోడ్ల చెట్టు కావాలి: సగచుట్టుకొలత, దాన్నుంచి ఒక్కో భుజాన్ని తీసివేసిన మూడు తేడాలు, వాటన్నిటి లబ్ధం. సగచుట్టుకొలత ఇవ్వకపోతే, 16తో భాగించడాన్ని స్కేలింగ్‌కు వదిలేసినా 23 నోడ్లు కావాలి. నాలుగైదు రకాల ఆకులతో 13 నోడ్ల చెట్లను వరుసగా లెక్కబెట్టడం ఇంట్లో కంప్యూటర్‌తో తేలిగ్గా అయ్యే పని కాదు కాబట్టి, ఇక్కడ పరిణామం తన కూలి తాను సంపాదించుకోవాలి.

అయితే అది ఎక్కడ తడబడుతుందో ముందే చెబుతాను. నాలుగు కారణాంకాల లబ్ధంలో మూడు సరిగ్గా కుదిరి నాలుగోది లేకపోతే ఫిట్‌నెస్ దాదాపు ఏమీ మెరుగుపడదు. దగ్గరికొచ్చావు అని చెప్పే సంకేతం లేకపోతే ఎంపికకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, మీ అల్గారిథమ్ ఖరీదైన యాదృచ్ఛిక శోధనగా మారిపోతుంది. దీనికి నాకు పనిచేసిన ఉపాయాలు రెండు. ఒకటి, లక్ష్యాన్నీ చెట్టు విలువనూ సంవర్గమానాల్లో పోల్చడం. లబ్ధం కూడికగా మారుతుంది కాబట్టి సరైన ఒక్కో కారణాంకానికీ దాని వాటా మార్కులు దానికి పడతాయి. రెండోది, సమాచారాన్ని ఎంచుకోవడంలో ఉంది. త్రిభుజాలను ఊరికే యాదృచ్ఛికంగా పుట్టించకుండా, దాదాపు చదునైపోయిన వాటిని కొన్ని కలపండి: భుజాలు 3, 4, 6.99 లాంటివి. రెండు భుజాల మొత్తం మూడో భుజానికి సమానమయ్యే చోట వైశాల్యం సున్నాకు దిగిపోతుంది. సాపేక్ష దోషం వాడుతున్నప్పుడు ఆ ఒక్క బిందువే (మొదటి భుజం + రెండో భుజం − మూడో భుజం) అనే కారణాంకం ఉండి తీరాలని బల్లగుద్ది చెబుతుంది. మూడు దిక్కులా అలాంటి త్రిభుజాలు ఇస్తే మూడు కారణాంకాలూ ఒక్కొక్కటిగా పట్టుబడతాయి. ఇది కూడా సాయం చేయడమే, కానీ సూత్రం తెలియని మనిషి కూడా చేయగల సాయం. చదును త్రిభుజానికి వైశాల్యం ఉండదని తెలియడానికి హెరాన్ అక్కర్లేదు. నా లెక్కలో కాలాన్ని వర్గం చేసి ఇవ్వడానికీ దీనికీ ఉన్న తేడా అదే.

కాలం వర్గానికీ దూరం ఘనానికీ ఉన్న నిష్పత్తి మారదు అన్నట్టు, మారని రాశిని వెతికించాలని కూడా మీకు కోరిక పుట్టవచ్చు. అప్పుడు ప్రోగ్రామ్ మొదట కనుక్కునేది దూరం ÷ దూరం. అది ఎప్పుడూ 1, ఎప్పుడూ మారదు, ఎప్పుడూ పనికిరాదు. మైఖేల్ ష్మిట్, హాడ్ లిప్సన్ 2009లో జంట లోలకం కదలికల నుంచి ఇలాంటి మారని రాశులను రాబట్టినప్పుడు, విలువ స్థిరంగా ఉండటాన్ని కాకుండా చరరాశుల మార్పుల రేట్ల మధ్య నిష్పత్తిని సమాచారంతో పోల్చి ఈ ఉచ్చును దాటారు. అది చేయడానికి ముందు పైన చెప్పినవన్నీ చేయి తిరిగి ఉండాలి.

సిద్ధంగా దొరికే ప్రోగ్రామ్‌లలో పైథాన్‌కు డీప్ (DEAP), జీపీలెర్న్ (gplearn) ఉన్నాయి. లోపల జూలియా అనే ప్రోగ్రామింగ్ భాషతో నడిచే పైఎస్ఆర్ (PySR) ప్రస్తుతం నేను ఎక్కువగా వాడేది, సైజుకు ఒక ఉత్తమ సూత్రం అన్న పట్టికను అది దానంతటదే చూపిస్తుంది. కానీ మీ ప్రోగ్రామ్‌ను పక్కన పడేసి వాటి దగ్గరికి వెళ్లమని ఇప్పుడే చెప్పను. వర్గమూలాన్ని చేర్చండి, దోషాన్ని సాపేక్షం చేయండి, స్కేలింగ్ పెట్టండి, రక్షిత భాగహారాన్ని తీసేయండి. ఆ తరువాత నడపబోయే ముందు, ఇప్పుడు మీ దగ్గరున్న 47 నోడ్ల చెట్టులో దూరం స్థానంలో 19.19 పెట్టి ఏం వస్తుందో చూడండి. యురేనస్ అసలు కాలం 84.0 సంవత్సరాలు. 30.07 పెట్టి కూడా చూడండి, అక్కడ రావలసినది 164.8. ఆ రెండు జవాబులనూ కొత్త పట్టికతో పాటు ఇక్కడ రాస్తే మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.